పనికీ పనికీ నడుమ గట్టు: 50 పని దినాల ప్రాజెక్టు డైరీ

తీరిక లేని పని దినంలో, సాయంత్రం కోసమో సెలవు కోసమో ఎదురుచూడకుండా, ఆ పని గంటల్లోనే సంతోషం దొరుకుతుందా అని 50 పని దినాలపాటు కొలిచి చూశాను. ఆ కొలతల నమోదు ఇది. మొదటి 33 రోజుల్లో చేసినవాటిలో ఎక్కువ భాగం పనికిరాలేదు. ఇదే ప్రయత్నం చేయదలచినవారు కనీసం ఆ రోజులనైనా మిగుల్చుకోవాలన్న ఉద్దేశంతో, ఫలితాలకంటే పొరపాట్లకే ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాను.

నా పని రోజుకు సుమారు 9 గంటలు, కంప్యూటరు ముందు కుర్చీలో సాగుతుంది. నివేదికలు రాయడం, ఇతరులు పంపిన లెక్కలు సరిచూడడం, మెయిళ్లకు జవాబివ్వడం, మీటింగుల్లో కూర్చోవడం అందులో ప్రధానమైనవి. నిలబడి చేసే పనుల్లో, మనుషులతో నేరుగా వ్యవహరించే పనుల్లో ఉన్నవారు అంకెలను కాక పద్ధతిని మాత్రమే తీసుకోవాలి.

దశ 1: కొలబద్ద తయారీ (1–13 రోజులు)

సాధనాలు నాలుగే: జేబులో పట్టే నోటుపుస్తకం, పెన్సిలు, ముందుగా ఊహించలేని సమయాల్లో అలారం మోగించే ఫోన్ ఆప్, వారాంతపు లెక్కలకు ఒక స్ప్రెడ్‌షీట్. పద్ధతి నేను కనిపెట్టినది కాదు. 1970లలో షికాగో విశ్వవిద్యాలయంలో మిహాయ్ చీక్సెంట్‌మిహాయి, ఆయన సహచరులు మనుషులకు పేజర్లు ఇచ్చి, అవి మోగినప్పుడు అప్పటి పనినీ మనఃస్థితినీ రాయించారు. రోజు చివర గుర్తు తెచ్చుకొని చెప్పే సంతోషానికీ, ఆ క్షణంలో ఉన్న సంతోషానికీ తేడా ఉంటుంది గనుక నేనూ ఆ దారినే ఎంచుకున్నాను.

అలారం మోగగానే రాయవలసినవి:

1. ఈ క్షణంలో మనసు ఎలా ఉందో తెలిపే అంకె.
2. చేతిలో ఉన్న పని.
3. మనసు ఆ పని మీదే ఉందా, మరెక్కడైనా ఉందా. మరెక్కడైనా ఉంటే, ఎక్కడ.

మొదటి పొరపాటు అంకె దగ్గరే జరిగింది. 1 నుంచి 10 వరకు గల కొలబద్ద పెట్టుకున్నాను. మూడు రోజుల్లో వచ్చిన 18 నమోదుల్లో 15 చోట్ల 6 లేదా 7 రాసి ఉంది. బడి మార్కుల అలవాటు వల్ల 5 అంటే తప్పినట్టుగా అనిపించి, విసుగ్గా ఉన్నప్పుడు కూడా 6 వేస్తున్నానని నాలుగో రోజు ఉదయం గ్రహించాను. ఆ 18 నమోదులనూ పక్కన పెట్టేశాను. కొత్త కొలబద్దను 1 నుంచి 7కు కుదించి, నోటుపుస్తకం అట్ట లోపల మూడు అంకెలకు మాటలు రాసుకున్నాను: 1 అంటే "ఇక్కడి నుంచి లేచిపోవాలని ఉంది", 4 అంటే "బాధా లేదు, ఇష్టమూ లేదు", 7 అంటే "ఇది ఇంకాసేపు సాగితే బాగుండును". అంకెకు మాట తోడైన తరువాతే నమోదులు విడివడ్డాయి.

రెండో పొరపాటు ఇంకా పెద్దది. రోజుకు 6 అలారాల చొప్పున 4వ రోజు నుంచి 13వ రోజు వరకు 60 మోగవలసి ఉండగా, నేను జవాబు రాసినవి 41 మాత్రమే. తప్పిపోయిన 19లో 11 మీటింగుల్లో, 5 ఫోన్ సైలెంటులో ఉన్నప్పుడు, 3 కేవలం మరచిపోవడం వల్ల పోయాయి. అంటే, నేను అత్యంత ఒత్తిడిలో ఉన్న క్షణాలే లెక్కలోకి రాకుండా జారిపోతున్నాయి. 41 నమోదుల సగటు 3.7 వచ్చింది గాని, అసలు సగటు అంతకంటే తక్కువే అయి ఉండాలి. ఇటువంటి కొలత మొదలుపెట్టేవారు సగటుకంటే ముందు, తప్పిపోయిన అలారాలు ఏ వేళల్లో తప్పాయో చూసుకోవాలి.

మార్పులు: అలారాలను 6 నుంచి 4కు తగ్గించాను, శబ్దం తీసేసి వైబ్రేషన్ మాత్రమే ఉంచి ఫోన్‌ను చొక్కా జేబులో పెట్టుకున్నాను, వెంటనే రాయలేకపోతే 10 నిమిషాల లోపు రాయవచ్చునని, అలా రాసినదానికి చుక్క గుర్తు పెట్టాలని నియమం చేసుకున్నాను. పూర్తిగా తప్పినవాటిని సాయంత్రం ఆ రోజును చిన్న చిన్న ఘట్టాలుగా విడదీసుకొని గుర్తుచేసుకొని రాశాను. 2004లో డేనియల్ కానెమన్ బృందం టెక్సాస్‌లోని 909 మంది ఉద్యోగినులతో చేయించిన పద్ధతి ఇది. అయితే అలా రాసినవాటిని సగటుల్లో కలపలేదు.

*మొత్తం ఇప్పటికి: రోజులు 13, అలారాలు 78, పనికివచ్చే నమోదులు 41, సగటు 3.7.*

దశ 2: సంతోషాన్ని క్యాలెండరులో పెట్టడం (14–20 రోజులు) – విఫలం

పని గంటల్లో రోజుకు ఐదు విరామాలు, ఒక్కొక్కటి 10 నిమిషాలు, క్యాలెండరులో ముందే నింపాను. ఒకటి నడకకు, ఒకటి సంగీతానికి, ఒకటి కిటికీ దగ్గర నిలబడడానికి, ఒకటి సహోద్యోగులతో మాటలకు, ఒకటి కళ్లు మూసుకోవడానికి కేటాయించాను.

ఏడు రోజుల్లో 35 విరామాలు ఉండవలసింది, తీసుకున్నవి 13. వాటిలో గడియారం చూడకుండా గడిపినవి 4. మిగిలిన 22 విరామాలూ రోజు చివర క్యాలెండరులో చేయని పనులుగా మిగిలిపోయాయి. అసలు పనుల్లో బాకీలు అంతకుముందే ఉన్నాయి. ఇప్పుడు సంతోషం కూడా ఆ బాకీల్లో చేరింది. 28 అలారాల్లో 25కు జవాబు రాయగా సగటు 3.5 వచ్చింది. మొదటి దశలో తప్పిన మీటింగు క్షణాలు ఇప్పుడు లెక్కలోకి వస్తున్నాయి గనుక ఈ తగ్గుదలనంతా విరామాల మీద మోపలేను. కాని అవి సగటును పెంచలేదన్నది స్పష్టం.

17వ రోజు మధ్యాహ్నపు నమోదును ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాను: "అంకె 2. కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. మనసు కిటికీ దగ్గర లేదు; ఇది పనిచేస్తోందా లేదా అని చూసుకుంటున్నాను." ఈ నమోదు నాకు విఫలతకు కారణం చూపింది. ఐరిస్ మాస్ బృందం 2011లో ప్రచురించిన ప్రయోగంలో, సంతోషం చాలా విలువైనదన్న భావాన్ని ముందుగా కలిగించినవారు, ఆహ్లాదకరమైన ఫిల్మ్ క్లిప్ చూసిన తరువాత ఇతరులకంటే తక్కువ సంతోషాన్ని పొందారు. ఎదురుచూపు పెరిగేకొద్దీ, దొరికినది తక్కువగా కనిపిస్తుంది. ప్రతి విరామం ముందూ "ఇప్పుడు సంతోషంగా ఉండాలి" అని నాకు నేనే ఆజ్ఞ ఇచ్చుకున్నాను. ఆ ఆజ్ఞే ఆ విరామాన్ని తినేసింది.

ఐదు విరామాల్లో సహోద్యోగులతో మాటలు ఒక్కటే మంచి అంకెలు తెచ్చింది. దాన్ని ఉంచి, సమయం కేటాయించడం మానేశాను.

*మొత్తం ఇప్పటికి: రోజులు 20, అలారాలు 106, పనికివచ్చే నమోదులు 66.*

దశ 3: రాత్రి మూడు మంచి సంగతులు (21–27 రోజులు) – సగం ఫలితం

మార్టిన్ సెలిగ్‌మన్, ఆయన సహచరులు 2005లో పరీక్షించిన అభ్యాసం ఇది: వారంపాటు ప్రతి రాత్రి ఆ రోజు బాగా జరిగిన మూడు సంగతులను, అవి ఎందుకు జరిగాయో కారణంతో సహా రాయాలి. నేను తొందరపాటుతో రెండో సగాన్ని వదిలేశాను. సంగతి రాశాను, కారణం రాయలేదు. నాలుగు రాత్రుల్లో రాసిన 12 వాక్యాల్లో 6 పునరుక్తులే. "నివేదిక పూర్తయింది" అన్న వాక్యం మూడుసార్లు ఉంది. 25వ రోజు నుంచి "ఎందుకు" అన్న గడిని చేర్చాను. మిగిలిన మూడు రాత్రుల 9 వాక్యాల్లో పునరుక్తులు 2కు తగ్గాయి, ఎందుకంటే కారణం వెతకాలంటే ఆ సంఘటనలోకి మళ్లీ వెళ్లవలసి వస్తుంది. "నివేదిక పూర్తయింది" అనేది ఏ రోజుకైనా సరిపోతుంది. "నిన్న ఒకరు అడిగిన ప్రశ్నకు నాలుగో పేజీలో జవాబు దొరకడం వల్ల నివేదిక పూర్తయింది" అనేది ఆ ఒక్క రోజుకే చెందుతుంది.

నిద్రకు ముందు మనసు తేలికపడడం నిజమే. అయితే నేను వెతుకుతున్నది పని గంటల్లోని సంతోషం. పగటి అలారాల సగటు 28కి 26 జవాబులతో 3.7 దగ్గర, అంటే మొదటి దశలో ఉన్నచోటనే, నిలిచింది. ఈ దశను ఇక్కడితో ముగించి ఉండేవాణ్ణి కాని, 27వ రాత్రి ఆ 21 వాక్యాలనూ పగటి నమోదులతో పక్కపక్కన పెట్టి చూశాను. 21లో 14 సంగతులు పని గంటల్లోనే జరిగాయి. వాటిలో 11 సంగతుల జాడ పగటి నమోదుల్లో లేదు. ఆ సంఘటన జరిగిన కొద్ది నిమిషాలకే అలారం మోగిన చోట కూడా నేను 3 లేదా 4 వేసి, మనసు మరో పని మీద ఉందని రాశాను.

మంచి క్షణాలు పని దినంలో లేకపోలేదు. అవి నన్ను దాటి వెళ్తున్నప్పుడు నేను అక్కడ లేను. ప్రాజెక్టు దిశ ఈ ఒక్క పోలికతో మారింది. అంతవరకు సంతోషాన్ని బయటి నుంచి తెచ్చి రోజులో చేర్చాలనుకున్నాను. ఇక చేర్చవలసినది ఏమీ లేదని, ఉన్నది ఎక్కడ జారిపోతోందో వెతకాలని నిర్ణయించుకున్నాను.

*మొత్తం ఇప్పటికి: రోజులు 27, అలారాలు 134, పనికివచ్చే నమోదులు 92.*

దశ 4: లీకు వెతకడం (28–30 రోజులు)

ఈ మూడు రోజులూ అలారాలు ఆపి, ఉన్న 92 నమోదులను విడదీశాను. మొదటి విభజన మనసు ఎక్కడుందన్న గడి ఆధారంగా చేసినది.

1. మనసు చేతిలోని పని మీదే ఉన్నవి: 41 నమోదులు, సగటు 4.3.
2. మనసు మరెక్కడో ఉన్నవి: 51 నమోదులు, సగటు 3.1.

మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ 2010లో 2,250 మంది నమోదులతో చూపినదానికి ఇది దగ్గరగా ఉంది. వారి లెక్కలో మనుషుల మనసు 46.9 శాతం సమయం చేస్తున్న పనిని వదిలి తిరుగుతూ ఉంది. అలా తిరుగుతున్నప్పుడు సంతోషం తక్కువగా ఉంది. నా 51 నమోదుల్లో 33 చోట్ల మనసు వెళ్లినది పగటికలల్లోకి కాదు, పాత బాధల్లోకీ కాదు. తరువాత చేయవలసిన పనిలోకి. పని మీద ఎంత శ్రద్ధ ఉన్నా, ఆ శ్రద్ధ చేతిలో ఉన్న పనిని దాటిపోయి ముందున్న పనిని తాకుతోంది.

రెండో విభజన నన్ను ఎక్కువసేపు ఆపింది. ఏదో ఒక పని ముగిసిన 10 నిమిషాల లోపు వచ్చిన నమోదులు 14 ఉన్నాయి. వాటి సగటు ఎక్కువగా ఉంటుందనుకున్నాను. 3.6 ఉంది. తెరిసా అమబీలే, స్టీవెన్ క్రామర్ 238 మంది ఉద్యోగుల సుమారు 12,000 రోజువారీ డైరీలను పరిశీలించి, అర్థవంతమైన పనిలో ముందడుగు పడడమే మంచి పని దినానికి అన్నిటికంటే బలమైన కారణమని 2011లో చెప్పారు. ముందడుగులు నాకూ పడుతున్నాయి. వాటి వల్ల కలగవలసినది కలగడం లేదు.

కారణం కనుక్కోవడానికి స్టాప్‌వాచ్ పట్టాను. ఒక పని ముగిసినప్పటి నుంచి మరో పని మీద చెయ్యి పడేవరకు ఎంత సమయం ఉందో మూడు రోజులు కొలిచాను. ముగింపులు 31. మధ్యస్థ విలువ 20 సెకన్లు. 30 సెకన్లకు లోపున్నవి 22. ఫైలు పంపిన వేలు అదే కదలికలో మెయిల్ పెట్టెను తెరుస్తోంది.

గట్టు లేని మడిలో ఎంత నీరు పెట్టినా నిలవదు. నా రోజులో నీరు ఉంది, గట్లు లేవు. అక్కడి నుంచి ఈ డైరీలో పనికీ పనికీ నడుమ ఉంచిన ఎడాన్ని "గట్టు" అనే రాశాను.

దశ 5: గట్టు, మొదటి నమూనా (31–33 రోజులు) – విఫలం

ఒక్కో గట్టుకు 5 నిమిషాలు పెట్టాను. మూడు రోజుల్లో 29 ముగింపులు రాగా 6 గట్లు మాత్రమే నిలిచాయి. రోజుకు పది ముగింపులుంటే 50 నిమిషాలు పోతాయి. ఏ పని దినమూ దాన్ని భరించలేదు. దశ 2లో చేసిన తప్పునే చిన్న ముక్కలుగా తిరిగి చేశానన్నమాట. 12 అలారాల్లో 11కు జవాబు, సగటు 3.6.

ఇదే దశలో మరో తప్పు: గట్టు సమయాన్ని ఫోన్ టైమరుతో కొలవడం. టైమరు పెట్టడానికి ఫోన్ చేతికి తీసుకున్న ఆరుసార్లలో నాలుగుసార్లు వేరే సందేశమేదో కనిపించి, ఎడం ఏకంగా 11 నిమిషాల వరకు సాగింది. ఆ 11 నిమిషాల తరువాత వేసిన అంకె 3. విశ్రాంతి అనుకొని మనసుకు మరో పని పెట్టినట్టయింది.

*మొత్తం ఇప్పటికి: రోజులు 33, అలారాలు 146, పనికివచ్చే నమోదులు 103.*

దశ 6: గట్టు, రెండో నమూనా (34–45 రోజులు)

ఫోన్ టైమరు బదులు చిన్న ఇసుక గడియారం పెట్టాను. దాని మీద 2 నిమిషాలని రాసి ఉంది; స్టాప్‌వాచ్‌తో ఐదుసార్లు కొలవగా సగటున 1 నిమిషం 47 సెకన్లు వచ్చింది. ఆ తేడా వల్ల నష్టమేమీ లేదు గనుక అలాగే ఉంచాను. ఇసుక గడియారంలో నాకు నచ్చినది అది మోగకపోవడం. ఇసుక అయిపోయినా ఎవరూ పిలవరు; తలెత్తి చూసినప్పుడే తెలుస్తుంది.

గట్టు వేసే క్రమం:

1. పని ముగియగానే ఇసుక గడియారాన్ని తిప్పాలి. మెయిల్ పెట్టె తెరవకూడదు.
2. నోటుపుస్తకంలో ఒక్క వాక్యం రాయాలి: ఈ పని వల్ల ఏమి మారింది, ఎవరికి.
3. తరువాతి పనిలో మొట్టమొదట చేయవలసిన చిన్న అడుగును రాయాలి.
4. కీబోర్డు మీది నుంచి చేతులు తీసి, గదిలో అన్నిటికంటే దూరంగా ఉన్న వస్తువును చూస్తూ ఇసుక దిగేవరకు ఉండాలి. అంకె వేయకూడదు, పరీక్షించుకోకూడదు.

రెండో మెట్టులో మొదట పని పేరు రాశాను: "లెక్కల సరిచూత పూర్తి." ఆ వాక్యం జాబితాలో ఒక టిక్కుకు మించి ఏమీ ఇవ్వలేదు. 36వ రోజు నుంచి "ఏమి మారింది, ఎవరికి" అన్న ప్రశ్న చేర్చాను. అదే పని "రేపు ఉదయం ఆమె ఈ లెక్కను మళ్లీ మొదటి నుంచి చూడనక్కరలేదు" అయింది. రెండు వాక్యాలకూ పట్టిన సమయం ఒకటే. కాని రెండోది రాసినప్పుడు కళ్ల ముందు ఒక మనిషి కనిపించింది. ఈ ప్రాజెక్టులో ఎవరైనా ఒక్క భాగాన్నే తీసుకోదలిస్తే, ఈ ప్రశ్నను తీసుకోమని కోరుతున్నాను.

మూడో మెట్టును వదిలేసి రెండు రోజులు చూశాను. ఇసుక దిగుతున్నంతసేపూ తరువాతి పనే తలలో తిరిగింది. ఇ. జె. మాసికాంపో, రాయ్ బామైస్టర్ 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో, పూర్తికాని పనులు మనసులోకి చొరబడుతూ ఉంటాయని, ఆ పనిని ఎప్పుడు ఎలా చేయాలో స్పష్టంగా నిర్ణయించుకుంటే, పని ఇంకా పూర్తికాకపోయినా, ఆ చొరబాటు తగ్గుతుందని తేలింది. తరువాతి అడుగును కాగితం మీద పెట్టిన తరువాతే నాకు నాలుగో మెట్టు సాధ్యమైంది.

ఎదురైన చిక్కులు, వాటికి చేసిన మార్పులు:

*ముగింపు లేని పనులు.* నెలలు సాగే నివేదికకు ముగింపు ఎక్కడ? పని మొదలుపెట్టే ముందే "ఈ విడతలో ఎక్కడ ఆగుతాను" అన్నది రాసుకోవడం మొదలుపెట్టాను. విడత 40 నుంచి 60 నిమిషాల మధ్య ఉన్నప్పుడు బాగా కుదిరింది. 25 నిమిషాలకు కుదించి చూస్తే గట్లు మరీ దగ్గరపడి పని తెగిపోయింది.

*మధ్యలో తెగిన పనులు.* ఎవరో వచ్చి పిలిస్తే, లేచే ముందు ఆగిన చోటును సగం వాక్యంలో రాశాను. గ్లోరియా మార్క్ బృందం 2008లో చేసిన ప్రయోగంలో, అంతరాయాలు కలిగినవారు పనిని వేగంగానే ముగించారు గాని ఒత్తిడి, చిరాకు, సమయం చాలదన్న భావన ఎక్కువగా అనుభవించారు. అంతరాయాలను నేను ఆపలేకపోయాను. ఆ సగం వాక్యం వల్ల తిరిగి వచ్చినప్పుడు "ఎక్కడున్నాను" అన్న వెతుకులాట మాత్రం పోయింది.

*మెయిల్.* కోస్తాదిన్ కుష్లెవ్, ఎలిజబెత్ డన్ 2015లో 124 మందితో చేసిన అధ్యయనంలో మెయిల్‌ను రోజుకు మూడుసార్లకు పరిమితం చేసిన వారంలో ఒత్తిడి తగ్గింది. నేను మూడుసార్లకు ప్రయత్నించి రెండో రోజే వదిలేశాను, ఎందుకంటే నా జవాబు కోసం ఇతరుల పని ఆగుతుంది. ఐదు నిర్ణీత వేళలు కుదిరాయి. వేళల సంఖ్యకంటే, మెయిల్ గట్టు తరువాతే తెరవాలన్న వరుసక్రమం నాకు ఎక్కువ మేలు చేసింది.

*అబద్ధపు వాక్యం.* 41వ రోజు, నేను పంపిన నివేదికలో ఒక తప్పు బయటపడింది. ఆ రోజు అంకెలు 2, 1, 2, 3. అటువంటి రోజునా గట్టు మీద మంచి వాక్యం రాయాలని ప్రయత్నించి, రాసినది చదువుకుంటే నామీద నాకే నమ్మకం తగ్గింది. ఆ సాయంత్రం నియమం మార్చాను: ఏమీ లేకపోతే "ఏమీ లేదు" అని రాయవచ్చు, అదీ పూర్తి వాక్యమే. ఈ సడలింపు లేకపోతే పద్ధతి ఆ వారంలోనే కూలిపోయేది.

పన్నెండు రోజుల లెక్క: ముగింపులు 113, నిలిచిన గట్లు 71. ఒక్కో గట్టు 1 నిమిషం 47 సెకన్ల చొప్పున మొత్తం సుమారు 2 గంటల 7 నిమిషాలు, అంటే రోజుకు 11 నిమిషాల లోపు. 71 వాక్యాలనూ విడదీస్తే:

1. చేసిన పని ఎవరికో ఉపయోగపడినవి: 24
2. ఒక చిక్కు విడినవి, కొత్తది చేతనైనవి: 19
3. ఎవరో అన్న మాట, పలకరింపు: 12
4. వెలుతురు, గాలి, శరీరానికి సంబంధించినవి: 9
5. "ఏమీ లేదు": 7

మూడో వరుసలోని పన్నెండింటిలో ఒకదాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. 39వ రోజు, పక్క వరుసలో కూర్చునే పెద్దాయన నా బల్ల దగ్గర ఆగి, "నాలుగు రోజులుగా చూస్తున్నానండీ, మీరు తలెత్తి పలకరిస్తున్నారు. ఇదివరకు మేము వెళ్తుంటే స్క్రీన్ మీదే ఉండేవారు," అన్నారు. నేను ఆయన్ను పలకరించాలని ఏ జాబితాలోనూ రాసుకోలేదు. నాలుగో మెట్టులో దూరంగా చూసే వస్తువు ఆయన కుర్చీ వెనకనున్న గోడ గడియారం. చూపు అటు వెళ్లినప్పుడు మనిషి కనిపించారు, కనిపించిన మనిషిని పలకరించాను. జిలియన్ శాండ్‌స్ట్రమ్, ఎలిజబెత్ డన్ 2014లో, దగ్గరి స్నేహితులు కాని ముఖపరిచయస్తులతో మాటలు ఎక్కువగా కలిసిన రోజుల్లో మనుషులు ఎక్కువ సంతోషంగా ఉన్నారని చూపారు. దశ 2లో క్యాలెండరు పెట్టి సాధించలేకపోయినది ఇక్కడ దానంతట అదే జరిగినందుకు ఆ రోజు నాకు కలిగిన ఆనందం అంకెలో 7. ఈ 50 రోజుల్లో వేసిన 7లు మూడే.

అలారాలు 48, జవాబులు 45, సగటు 4.3. పని ముగిసిన 10 నిమిషాల లోపు వచ్చిన 13 నమోదుల సగటు 3.6 నుంచి 5.0కు చేరింది. వీటిలో 4 నమోదులు గట్టు మీద ఉండగానే వచ్చినవి కాబట్టి అంకె పెరగడంలో ఆశ్చర్యం లేదు. వాటిని తీసేసినా మిగిలిన 9 నమోదుల సగటు 4.8 ఉంది.

*మొత్తం ఇప్పటికి: రోజులు 45, అలారాలు 194, పనికివచ్చే నమోదులు 148.*

దశ 7: గట్టు తీసేసి చూడడం (46–50 రోజులు)

సగటు పెరగడానికి గట్టే కారణమా, లేక ఆ రోజుల్లో పని తేలికగా ఉందా అన్న అనుమానం నన్ను వదలలేదు. ఐదు రోజులు ఇసుక గడియారాన్ని సొరుగులో పెట్టి, మిగతా అన్నిటినీ, మెయిల్ వేళలతో సహా, యథాతథంగా ఉంచాను. 20 అలారాల్లో 18 జవాబులు, సగటు 3.8. మొదటి దశలోని 3.7కు అది దగ్గరే. అయితే ఈ ఐదు రోజుల్లో ఏడుసార్లు, అనుకోకుండానే, పని ముగిసిన తరువాత చేతులు కీబోర్డు మీది నుంచి తీసి గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను. కాబట్టి ఇది పూర్తిగా గట్టు లేని వారమని చెప్పలేను.

కొలిచినది ఒక్క మనిషినే. అంకె వేసినదీ గట్టు వేసినదీ నేనే, ఫలితం బాగుండాలన్న కోరికా నాదే. మొదటి దశలోని 3.7కూ దశ 6లోని 4.3కూ మధ్య ఉన్న 0.6 తేడాను ఆ మేరకే చదవాలి.

*మొత్తం: రోజులు 50, అలారాలు 214, పనికివచ్చే నమోదులు 166.*

మిగిలిన పని

51వ రోజున అలారం ఆప్‌ను తీసేశాను. మనసును ఇంకా అంకెల్లోకి మార్చవలసిన అవసరం లేదు. ఇసుక గడియారం బల్ల మీదికి తిరిగి వచ్చింది. నోటుపుస్తకం ఇంకా జేబులో ఉంది.

తీరని చిక్కు ఒకటి ఉంది. దశ 6లో నిలవని 42 గట్లలో 27 మీటింగుల చివర పోయినవే. నేను ఏర్పాటు చేసే మీటింగులను 60 నిమిషాల నుంచి 50కి, 30 నుంచి 25కి కుదించాను. అవి వారానికి నాలుగే. ఇతరులు ఏర్పాటు చేసినవి ఒకదాని తోకను మరొకటి పట్టుకొని వస్తాయి. లేచి నడిచేలోపు తరువాతిది మొదలవుతుంది. వచ్చే పది రోజులు, మీటింగు ముగిసి అందరూ లేస్తున్నప్పుడు లేవకుండా, చివరి మనిషి తలుపు దాటేవరకు అదే కుర్చీలో కూర్చొని ఆ ఒక్క వాక్యం రాసి చూస్తాను. తరువాతి మీటింగుకు ఎన్ని సెకన్లు ఆలస్యమవుతానో కూడా కొలుస్తాను.